చెయ్యి పైకెత్తమన్న మనిషి

మొన్న బూర్గంపాడులో బావి మోటారు రిపేరుకిచ్చి, అది అయ్యేదాకా టీ కొట్టు ముందు కూర్చున్నాను. పక్క బెంచీ మీద ఎవరో అన్నారు, టైలర్ మాస్టర్ పోయి నెల దాటిందని. నేను గ్లాసు కింద పెట్టి, ఎవరూ చూడకుండా నా చొక్కా చంకలు తడుముకున్నాను. రెండు కుట్లూ గట్టిగానే ఉన్నాయి. ఏ మనిషైనా పోయాడంటే ముందు మొహం గుర్తుకు రావాలి. ఆయన పోయాడంటే నాకు చంకలు గుర్తొచ్చాయి. అందుకు సిగ్గుపడటం లేదు. ఆయన కూడా ఒక్కసారి తప్ప నా మొహం ఏనాడూ చూడలేదు.

ఎవరి మొహమూ చూసేవాడు కాదు. మనిషి ఎదురుపడితే ఆయన చూపు తిన్నగా భుజాల మీద వాలేది. అక్కణ్నుంచి చంకకు, చంక నుంచి నడుముకు. "ఎడమ భుజం వంగింది సార్, సంచి మార్చి మొయ్యండి" అనేవాడు నమస్కారానికి బదులు. మెడలో టేపు పెళ్లిళ్లకూ చావులకూ కూడా తియ్యలేదు. పెదాల మధ్య ఎప్పుడూ నాలుగు గుండుసూదులు. మామూలు మాటలు వాటిని తీసి మాట్లాడేవాడు, ముఖ్యమైనవి మాత్రం వాటి సందులోంచే చెప్పేవాడు. అందుకని ఆయన జ్ఞానంలో సగం నేను ఊహించుకున్నదే.

పేరు రాయను. రాస్తే పాత రికార్డులు తీసి చూసేవాళ్లు మా శాఖలో ఇంకా ఉన్నారు. ఇల్లందులో మూడు తరాలుగా మిషను తొక్కిన కుటుంబం, ఈయన మాత్రం వేరుపడి బూర్గంపాడు రోడ్డు మీద కొట్టు పెట్టుకున్నాడు. ఇంతకంటే వివరం అడగకండి.

నేనెవరో చెప్పాలి కదా. పెద్దవాళ్ల చదువులు చూసే ఉద్యోగం నాది. గోదావరికి ఈ పక్కన, అడివి అంచు పల్లెలన్నిటా అక్షరజ్యోతి వెలిగించిన మహానుభావుడని నా పదవీ విరమణ సభలో చెప్పారు. ఆ ఉపన్యాసం రాసిచ్చింది నేనే. చదివినాయన రెండు వాక్యాలు వదిలేశాడు, ఆ బాధ ఇంకా ఉంది.

ఉద్యోగం ఇంకో రెండేళ్లుందనగా ఖమ్మంలో శిక్షణ పెట్టారు. బాగా చదువుకున్న ఒకాయన తెర మీద మూడు రంగుల డబ్బాలు చూపించాడు. పెద్దవాళ్లకు చదువు చెప్పే కార్యక్రమాన్ని ఎలా రూపొందించుకోవాలన్నదానికి మూడు దారులున్నాయట. మొదటి దారిలో చేరాల్సిన గమ్యం ముందే రాసుకోవాలి, దానికి తగ్గ పాఠాలు పేర్చుకోవాలి, చివర పరీక్ష పెట్టి చేరామో లేదో చూసుకోవాలి. రెండో దారివాళ్లు, గమ్యం రాయడానికి నువ్వెవరు, నేర్చుకునేవాళ్లనే అడుగు, వాళ్ల అవసరమే పాఠం అంటారు. మూడో దారివాళ్లు ఇద్దర్నీ చూసి నవ్వుతారు. పథకం కాగితం మీద పుట్టదు, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల బేరంలో పుడుతుంది, ఎవరి మాట చెల్లుతోందో, ఎవర్ని బల్ల దగ్గరికే రానివ్వలేదో చూడు అంటారు. నేను మూడు డబ్బాలూ శ్రద్ధగా విన్నాను. అబద్ధం. మొదటి డబ్బా దాకా విన్నాను, మిగతావి పక్కాయన నోట్సులోవి.

చివర్లో జిల్లా ఆఫీసరు లేచి, ఈ మూడింటినీ పోల్చి మీ మండలానికి ఏది సరిపోతుందో పది పేజీలు రాసివ్వమన్నాడు. నేను ఏడు రోజులు అన్నం మీద ధ్యాస లేకుండా ఆలోచించి రాశాను. ఇంత వయసొచ్చాక అబద్ధం ఎందుకు, ఆరు రోజులు ఏమీ చెయ్యలేదు. ఏడో రోజు ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి మాస్టర్ కొట్టుకు వెళ్లాను.

"ఏంది సార్, ఎద గట్ల కుంగింది," అన్నాడు, నా ఛాతీ వైపు చూస్తూ.

చెప్పాను. మూడు డబ్బాలూ వివరించాను. ఆయన మిషను ఆపకుండానే విన్నాడు.

"గిదేనా. మొదటిది రెడీమేడ్ సార్. సైజులు ముందే కుట్టి పెడ్తరు. మనిషి వచ్చి అందుల దూరాలె. దూరకపోతే తప్పు మనిషిదే."

"రెండోది?"

"ఆది జాకెట్టు."

మా వైపు ఆడవాళ్లు దర్జీకి కొలతలివ్వరు. ఒంటికి సరిపోయే పాత జాకెట్టు ఒకటి తెచ్చి, దీని ప్రకారం కుట్టమంటారు. అదే ఆది.

"అదే మంచిది గదా మాస్టర్. ఎవరి కొలత వాళ్లే తెచ్చిస్తరు."

మిషను ఆగింది. "ముప్పై ఏండ్ల సంది చూస్తున్న సార్. ఒక్కరన్న సరిపోయే ఆది తెచ్చిండ్రా. సరిపోయేది తేరు, నచ్చింది తెస్తరు. పెండ్లయిన కొత్తల కుట్టించుకున్నది. దాని ప్రకారం కుడ్తే పట్టదు. పట్టకపోతే మాస్టర్ బట్ట కొట్టేసిండంటరు."

అంతకు నెల ముందే నేను ఒక పల్లెలో ఇంటింటికీ తిరిగి, మీకేం నేర్పాలని అడిగి వచ్చాను. అందరూ ఒకటే మాట, సంతకం నేర్పమని. అడిగింది రాసుకుని, కింద అందరితో సంతకాలు పెట్టించుకుని వచ్చాను. అందరూ చక్కగా పెట్టారు. వాళ్లు చిన్నవయసులో ఉండగా ఎవరో వచ్చి సంతకం నేర్పిపోయారు, చదువంటే వాళ్లకు తెలిసింది అదే, మళ్లీ అదే అడిగారు. సంతకం పెట్టి సంతకం అడిగారని ఆ రోజు నాకు తట్టలేదు.

"మూడోది పెండ్లి బట్టలు," అన్నాడు మాస్టర్. "పిల్ల ఒకటి చెప్తది, తల్లి ఒకటి చెప్తది, అత్తగారు ఫోన్ల ఇంకోటి చెప్తది. అందరికీ అవ్ అవ్ అనాలె. ఆఖరుకు గొంతు పెద్దగున్నోళ్ల జాకెట్టే అయితది."

"మరి పెళ్లికూతురు?"

"ఆమెకు ఊపిరాడితే చాలు."

"ఇంతకీ ఏది కుట్టాలంటవ్?"

అప్పుడు గుండుసూదులు నాలుగూ పెదాల మధ్యకు వెళ్లాయి. ముఖ్యమైన మాట వస్తోందని తెలిసి ముందుకు వంగాను.

"ఏదన్న కుట్టుండ్రి. కుట్టి తొడిగినంక, చెయ్యి పైకెత్తు అనాలె. యాడ పట్టేస్తదో ఆడ విప్పాలె. ఏం కావాల్నంటే నచ్చింది చెప్తరు సార్. యాడ పట్టేసిందంటే నిజం చెప్తరు."

పది పేజీలు అదే రాశాను. టైలర్ అన్న చోటల్లా 'క్షేత్ర పరిశీలన' అని, జాకెట్టు అన్న చోటల్లా 'పూర్వానుభవం' అని మార్చాను. జిల్లాలో నా కాగితం చేతులు మారి చదివారు. శాలువా కప్పారు. ఆ శాలువా తీసుకుపోయి మాస్టర్‌కు కప్పాను అని రాస్తే బాగుంటుంది గానీ, కప్పలేదు. అది మా ఇంట్లోనే ఉంది, చలికాలం వాడుతున్నాను.

పొగిడినందుకు శిక్ష కూడా వేశారు. ఈ పద్ధతిలో ఒక కేంద్రం నడిపి చూపించు అన్నారు. సంతకాల పల్లెలోనే పెట్టాను. రోడ్డు దిగి అడివి వైపు నాలుగు కిలోమీటర్లు, రేకుల షెడ్డు, మిరపతోటల నుంచి ఆడవాళ్లు వచ్చాక సాయంత్రం నాలుగున్నరకు బడి. నేర్చుకునేవాళ్లు పన్నెండు మంది ఉండాలి, తగ్గితే కేంద్రం ఎత్తేస్తారు. పదకొండు మందే దొరికారు. పన్నెండో గడిలో అదే పల్లెలో ఉండే సమ్మక్క పేరు వేశాను. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, నాకంటే గుండ్రంగా రాస్తుంది. అంత తెలివిగల పని చేశానని నేను మురిసిపోతుండగానే, చదువు చెప్పాల్సిన కుర్రవాడికి మణుగూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు.

ఆ రోజే మాస్టర్ మోపెడ్ మీద వచ్చాడు. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వారానికోసారి ఎలాగూ ఆ పల్లె వస్తాడు. జాకెట్లు పంచి, నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు.

"సార్, నన్ను గూడ రాసుకోండి. చదువుకోనికి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఉర్దూ చదువుతాడు, అంకెలు చదువుతాడు, తెలుగులో గంటలు గంటలు మాట్లాడతాడు. తెలుగు అక్షరం మాత్రం చదవలేడు. నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరికీ తెలియదు. ఇదివరకు గిరాకీ నోటితో చెప్పేది, ఇప్పుడు ఫోన్లో తెలుగులో రాసి పంపుతోంది. ఇంటామెకూ తెలుగు చదవడం రాదు, పక్క కొట్టువాణ్ని అడిగితే ఊరంతా తెలుస్తుంది. అందుకని ఏది వచ్చినా బొటనవేలి బొమ్మ పంపేవాడు. పెనుబల్లి నుంచి ఒకామె ఏదో పంపింది, బొటనవేలు పంపాడు. జాకెట్లన్నీ కుట్టి, బస్సెక్కి పెనుబల్లి వెళ్లి, నవ్వుకుంటూ ఇంట్లో ఇచ్చాడు. వాళ్లు రాసింది పెళ్లి ఆగిపోయిందని, కుట్టొద్దని.

"ఆ పిల్ల తల్లి నా చేతుల నుంచి సంచి తీసుకోని, నా మొఖం చూసింది సార్. నేను ఆమె మొఖం చూసిన. నాకు మొఖాలు చూసుడు అలవాటు లేదు."

బూర్గంపాడులో నేర్చుకుంటే పరువు పోతుంది. ఇక్కడైతే జాకెట్ల కోసం వచ్చాడనుకుంటారు. అందుకని ఇక్కడ. కానీ పన్నెండు గళ్లూ నిండిపోయాయి. కాగితంలో ఖాళీగా ఉన్నది పైన ఒక్క గడి, చదువు చెప్పేవారు అన్న చోట. అందులో ఆయన పేరు రాశాను. ఎంతో దూరం ఆలోచించి ఒక సిద్ధాంతం ప్రకారం చేశానని తర్వాత జిల్లాలో చెప్పాను. నిజానికి కొత్త కాగితం తేవాలంటే మళ్లీ భద్రాచలం వంతెన దాటాలి, ఎండగా ఉంది.

అలా చదువొచ్చిన సమ్మక్క విద్యార్థిని అయింది, చదువురాని మాస్టర్ పంతులు అయ్యాడు. కేంద్రం బతకాలంటే ఈ సంగతి బయటపడకూడదు.

బడి మాత్రం బ్రహ్మాండంగా సాగింది. మాస్టర్ బల్ల మీద కూర్చుని అడిగేవాడు, "చెప్పుండ్రి, ఇయ్యాల యాడ పట్టేసింది?"

ఒకామె మందుగోళీల అట్ట తీసేది, పొద్దున వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో తెలియలేదని. ఒకామె మిరపకు కొట్టే మందు డబ్బా, ఒకామె ఫోనుకు వచ్చిన మెసేజి. ఆ ముక్కే ఆ రోజు పాఠం. సమ్మక్క చదివి బోర్డు మీద రాసేది, అందరూ చూసి రాసేవాళ్లు, మాస్టర్ కొలతల పుస్తకం వెనక అట్ట మీద రాసుకునేవాడు. నేర్చుకునేవాళ్ల లెక్కకు పన్నెండు వాచకాలే వస్తాయి. పంతులుకు పుస్తకం లేదు.

"మాస్టరన్నా, నీ 'క'కు తలకట్టు లేదు," అనేది సమ్మక్క.

"అంచు తర్వాత కుడ్త చెల్లె. ముందు మడత పడనియ్."

ఒకనాడు సమ్మక్కే రుసరుసలాడుతూ వచ్చింది. "ఇల్లందు బోర్డు చదువుకోని బస్సెక్కితే కొత్తగూడెంల దింపిండు. బస్సు ఖరాబయిందట. చదివినా దిగుడే, చదవకున్నా దిగుడే. ఇగ చదువెందుకన్నా?"

"కొట్లాటకు చెల్లె. చదవనోళ్లు దిగి నడుస్తరు. నువ్వు కొట్లాడి దిగినవ్."

"అవ్, గంట కొట్లాడిన," అంది, మొహం కాస్త విప్పుకుని.

మూడో నెలలో జిల్లా ఆఫీసరు చూడటానికి వచ్చాడు. కుర్రవాడు, ఒంటికి అతుక్కున్న రెడీమేడ్ చొక్కా. దిగీ దిగగానే మాస్టర్ చూపు ఆయన చంక దగ్గర ఆగింది, అక్కడే ఉండిపోయింది. ఆఫీసరు గోడ మీది చార్టు చూశాడు. కార్యక్రమం లక్ష్యాలు, నా దస్తూరీ. "పంతులుగారూ, ఇవి ఒకసారి చదివి వినిపించండి."

పన్నెండు మంది ఆడవాళ్లూ తలలు దించారు. మాస్టర్ కళ్లు చికిలించాడు.

"చార్టు జర పైకున్నది సార్, నా చూపు ఆనతలేదు. మీరు పొడుగున్నరు, జర దించి ఇస్తరా."

ఆఫీసరు చెయ్యి పైకెత్తాడు. చంక నుంచి నడుము దాకా చొక్కా పరపరా చిరిగిన చప్పుడు షెడ్డంతా వినపడింది. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇయ్యుండ్రి సార్, రెండు నిమిషాలు," అన్నాడు మాస్టర్, అప్పటికే సూదిలో దారం ఎక్కిస్తూ.

జిల్లా ఆఫీసరు బనియన్ మీద స్టూలు ఎక్కి కూర్చున్నాడు. బనియన్ మీదున్న మనిషి లక్ష్యాల గురించి గట్టిగా మాట్లాడలేడు. అయినా మెల్లగా అన్నాడు, "సరే, ఎవరైనా చదవండి." సమ్మక్క లేచి, గుక్క తిప్పుకోకుండా చార్టు మొత్తం చదివేసింది.

"ఈమె నేర్చుకునే ఆమె కదా. మూడు నెలల్లోనా?" ఆఫీసరు నా వైపు తిరిగాడు. నేను, మా పద్ధతి అలాంటిదండీ అని మొదలుపెట్టాను. శాలువా రెండోది కూడా కళ్ల ముందు కనపడింది.

మాస్టర్ పళ్లతో దారం కొరికాడు. "కాదు సార్. ఆమెకు ముందే వచ్చు. నాకే రాదు."

ఆఫీసరు స్టూలు మీంచి లేచాడు.

"అయితే ఇక్కడ చెప్పేదెవరు?"

"యాడ పట్టేసిందో నేను అడుగుత సార్. ఎవరికి వచ్చింది వాళ్లు చెప్తరు. కాగితం మీద గళ్లు తప్పినయ్ గంతే, మనుషులు తప్పలే. షర్టు ఇంకా నా చేతులనే ఉంది, నిదానంగ ఆలోచించుండ్రి."

ఆఫీసరు తన చొక్కా వైపు చూశాడు. తర్వాత నన్ను పెన్ను అడిగాడు. నేను ఉద్యోగం పోయిందనుకుని ఇచ్చాను. ఆయన కాగితంలో రెండు పేర్లు కొట్టేసి, సమ్మక్కను పై గడిలో, మాస్టర్‌ను పన్నెండో గడిలో రాశాడు.

మాస్టర్ చొక్కా దులిపి ఆఫీసరుకు తొడిగాడు. "అయితే ఇగ పుస్తకం నాకిస్తరా?" అన్నాడు.

ఆయనకు పంతులు గడి పోయిందని దిగులు లేదు. వాచకాన్ని ఆ సాయంత్రం మోపెడ్ ముందు కవర్లో, కొత్త బట్టల కింద పెట్టుకుని పోయాడు.

కానీ చిక్కు అంతటితో తీరలేదు. ఆరు నెలలకోసారి పరీక్ష. పాసైనవాళ్ల పేరు కొట్టేస్తారు, చదువొచ్చేసింది గనుక. కొట్టేస్తే పన్నెండు కంటే తగ్గుతారు, తగ్గితే కేంద్రం పోతుంది. బాగా నేర్చుకుంటే బడి మూతపడే పథకం అది. మూడు దారుల్లో ఏ దారివాళ్లూ దీనికి మందు రాయలేదు. ఆడవాళ్లు రాశారు. బస్సులో సీటు వదిలినట్టు, కొత్త మనిషి ఒకరు చేరితేనే పాతవాళ్లలో ఒకరు పాసవ్వాలి. మిగతావాళ్లు చివరి రెండు ప్రశ్నలు వదిలెయ్యాలి. వంతులు సమ్మక్క చెప్పేది. ఈ ఏర్పాటు నాకు తెలియదన్నట్టు పేపర్లు దిద్దేవాణ్ని. తెలుసు. పక్క పల్లె నుంచి మనుషుల్ని చేర్పించడానికి నేనే తిరిగేవాణ్ని.

మాస్టర్ రెండుసార్లు బుద్ధిగా ఫెయిలయ్యాడు. మూడోసారి నా ఉద్యోగానికి చివరి పరీక్ష. ఆ విడత కొత్తగా చేరింది ఒక్కరే, పాసయ్యే వంతు ఇంకొకామెది. మాస్టర్‌ది కాదు.

పేపర్లు ఇంటికి తెచ్చి దిద్దుతుంటే మాస్టర్‌ది వచ్చింది. నిండుగా ఉంది. చివరి రెండు ప్రశ్నలూ రాశాడు. చివరిదానికి, మీ పని గురించి నాలుగు వాక్యాలు రాయండి అంటే, వెనక పేజీ కూడా నింపాడు. మర్చిపోయి రాశాడో, ఆపుకోలేక రాశాడో తెలియదు. ఎంత వెతికినా ఒక్క తప్పు లేదు. తలకట్లు కూడా ఉన్నాయి. నా ఉద్యోగంలో రానివాళ్లను ఎందరినో పాస్ చేశాను, పైవాళ్లు అడిగితే లక్ష్యం చేరామని రాశాను. అన్నీ వచ్చిన మనిషిని ఫెయిల్ చేసింది మాత్రం ఆ ఒక్కసారే.

ఫలితాలు చెప్పిన మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు మోపెడ్ ఆగింది. నోట్లో గుండుసూదుల్లేవు. మొదటిసారి తిన్నగా నా మొహంలోకి చూశాడు.

"ఏంది సార్ గిది. యాడ తప్పు రాసిన?"

"వంతు నీది కాదు గదా మాస్టర్."

"వంతు సంగతి కాదు. తప్పు యాడున్నదో చూపెట్టుండ్రి."

పేపరు తెచ్చి ఇచ్చాను. గుమ్మంలో నిలబడి, పై నుంచి చదవడం మొదలుపెట్టాడు. పైకి, గట్టిగా. పాలు పోయడానికి వచ్చినామె ఆగిపోయింది. ఎక్కడా తడబడలేదు. వెనక్కి తిప్పి, మిషను గురించి, కత్తెర గురించి, గిరాకీ తెచ్చే పాత జాకెట్ల గురించి తను రాసుకున్నదంతా, ఇంకెవరో రాస్తే చదువుతున్నట్టు ఆశ్చర్యపోతూ చదివాడు. చివరి వాక్యం అయ్యాక కాగితం దించాడు.

"తప్పేం లేదు సార్."

"అవ్," అన్నాను. "లేదు."

పేపరు ఆఫీసులో దాచాల్సింది. ఆయన మడిచి జేబులో పెట్టుకుంటుంటే నేను అడ్డం చెప్పలేదు. మోపెడ్ స్టార్టు చేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అయితే సాయంత్రం బడికి పోవచ్చన్నట్టే."